జులైలో అడిగే ప్రశ్నలు

మన ఊళ్ళలో ఆదాయపు పన్ను రిటర్న్ వేసిపెట్టే ప్రతి ఒక్కరూ ఆడిటర్ గారే. ఆయన చార్టర్డ్ అకౌంటెంట్ కావచ్చు, బీకాం చదివి ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉన్న టాక్స్ ప్రాక్టీషనర్ కావచ్చు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన జిరాక్స్ మిషన్‌తో పాటు ఒక కంప్యూటర్ పెట్టుకున్న కుర్రాడూ కావచ్చు. వచ్చేవాళ్ళకి ఆ తేడా పట్టదు. వాళ్ళు అడిగేవాటిలో చాలావరకు తేలికైనవే. పాత పద్ధతి మంచిదా, కొత్త పద్ధతి మంచిదా అన్నది కాలిక్యులేటర్ చెప్పేస్తుంది. ఫామ్ 16లో ఒక అంకె, 26ఏఎస్‌లో మరో అంకె ఉంటే కంపెనీ అకౌంట్స్ వాళ్ళకి ఒక ఫోన్ కొడితే తేలుతుంది.

చిక్కు ప్రశ్నలు వేరే. వాటన్నిటికీ ఒక పోలిక ఉంది. పని జరిగిపోయాక అడిగేవి అవి. లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, జీతగాళ్ళ రిటర్న్ గడువు మామూలుగా జులై 31. భూమి అమ్మింది నవంబరులో. డబ్బు చేతులు మారింది అదే రోజు. పెళ్ళి ఫిబ్రవరిలో. మనిషి మాత్రం జులైలో వచ్చి, సంచీలోంచి కాగితాలు తీసి, "ఇప్పుడేం చేద్దామంటారు?" అంటాడు. చేయడానికి అప్పటికేమీ ఉండదు, ఉన్నది ఉన్నట్టు రాయడమే మిగులుతుంది. పన్ను చట్టం కఠినమైనదే, కాదనను. కానీ ఆడిటర్‌ని నిజంగా ఇరుకున పెట్టేది చట్టం కాదు. జరిగిపోయినదానికి కొత్త పేరు పెట్టమని అడిగే మనిషి.

భూమితోనే మొదలుపెడదాం, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెద్ద ప్రశ్నలన్నీ అక్కడే పుడతాయి కాబట్టి.

"సార్, రెండెకరాలు అమ్మాం. రిజిస్ట్రేషన్ 22 లక్షలకి చేయించాం. ముట్టింది 60. మిగతా 38 బ్యాంకులో వేసుకుంటే ఏమన్నా అవుద్దా?"

దీనికి అవునో కాదో చెప్పేవాడిని నమ్మకూడదు. ముందు ఎదురు ప్రశ్నలు పడాలి. పొలం ఎక్కడ? మునిసిపాలిటీ హద్దులో ఉందా, బయట ఎంత దూరం? 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష లోపుంటే 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షల దాకా అయితే 6, అంతకు మించితే 8. ఈ దూరం దాటిన వ్యవసాయ భూమి మూలధన ఆస్తే కాదు, అమ్మితే వచ్చిన లాభంపై పన్ను లేదు. దూరాన్ని రోడ్డు వెంట కాదు, ఆకాశమార్గాన కొలవాలి. 2013లో ఈ మాట చట్టంలోకి ఎక్కినప్పటి నుంచి, రోడ్డు మలుపులు కలుపుకుని తొమ్మిది కిలోమీటర్లు అనుకున్న పొలాలు కొన్ని ఏడు కిలోమీటర్ల దగ్గర తేలాయి.

తర్వాతి ప్రశ్న: అమ్మిన రోజున అది సేద్యపు భూమేనా? పట్టాదారు పాసు పుస్తకం ఉంటే చాలని అందరూ అనుకుంటారు. ఈ విషయంలో పాఠం చెప్పిన కేసు మన హైదరాబాదుదే. బేగంపేటలో పాయిగా వారి భూమి నూరెకరాలకు పైగా, చుట్టూ ప్రహరీ, లోపల బావులు. సంపద పన్ను లెక్కలో అది వ్యవసాయ భూమి అవుతుందా కాదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సేద్యానికి పనికొచ్చే నేల అయితే చాలదనీ, నిజంగా దేనికి వాడారో, దేనికి ఉద్దేశించారో చూడాలనీ 1976లో ఆ కోర్టు చెప్పింది. కాబట్టి అడంగల్‌లోనో పహాణీలోనో పంట పేరు ఉండాలి, కౌలుకిస్తే కౌలుదారు ఎవరో చెప్పగలగాలి. వెంచర్ వాళ్ళు అడిగారని అమ్మకానికి ముందే నాలా (వ్యవసాయేతర వాడకానికి) మార్పిడి చేయించి ఉంటే ఆ ఒక్క కాగితమే కథ మార్చేస్తుంది. మార్పిడి ఖర్చు కొనేవాడు పెట్టుకున్నాడని రైతు సంబరపడి ఉంటాడు, పాపం.

ఇవన్నీ సరిపోయినా ఆ 38 లక్షల సంగతి తేలలేదు. అది ఎక్కడిదో చెప్పలేకపోతే వివరణ లేని డబ్బు. 1961 చట్టంలోని 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దాని మీద సర్‌ఛార్జి, సెస్సు కలిపి 78 శాతం పోతుంది. పొలం అమ్మిన డబ్బేనని రుజువు చేస్తే ఆ గండం గడుస్తుంది. కానీ రుజువు చేయడమంటే 60 లక్షలకు రాసుకున్న అగ్రిమెంటు చూపించాలి, అంటే కొన్నవాడి పేరు చెప్పాలి. అతని దగ్గర ఆ 38 ఎక్కడి నుంచి వచ్చిందన్నది రెండో ఫైలు అవుతుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం 2015 నుంచి 269ఎస్ఎస్ కింద నిషేధం. తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, పన్ను పడే ఆదాయం ఎవరికీ లేకపోతే మినహాయింపు ఉంది. కొన్నది రియల్టరైతే ఆ దారి మూసుకున్నట్టే. నిజం చెబితే ఒక సెక్షను, చెప్పకపోతే ఇంకో సెక్షను. అప్పుడు ఆయన అసలు ప్రశ్న వేస్తాడు: "9 లక్షల 90 వేల చొప్పున నాలుగు బ్యాంకుల్లో వేస్తే?" సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదికి 10 లక్షలు, ఆపైన పడిన నగదు జమని బ్యాంకు డిపార్ట్‌మెంట్‌కి చెప్పాలన్న నిబంధన గురించి ఆయన ఎక్కడో విన్నాడు. అది బ్యాంకు చెప్పాల్సిన హద్దు. ఆయన చెప్పకుండా ఉండగలిగే హద్దు కాదు. ఈ రెంటి తేడా అర్థమయ్యేలా చెప్పగలిగిన ప్రాక్టీషనర్ సగం పని చేసినట్టే.

పెళ్ళి డబ్బు గొడవ కూడా ఇలాంటిదే, కాకపోతే కాస్త సున్నితం. అల్లుడి ఖాతాలో నగదు పడుతుంది. "కట్నం సార్, పెళ్ళికి ఇచ్చిందానికి పన్ను లేదట కదా?" పెళ్ళి సందర్భంలో పెళ్ళి చేసుకున్నవాళ్ళకి వచ్చిన కానుకపై పన్ను లేని మాట నిజం. కానీ ఆ మినహాయింపు వధూవరులకే, వాళ్ళ తల్లిదండ్రుల ఖాతాకి వర్తించదు. రెండోది, ఒకే సందర్భానికి ఒకే మనిషి నుంచి 2 లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకుంటే 269ఎస్‌టీ కింద అంతకంత జరిమానా. మూడోది, కట్నమని నోటితో అనడమే నేరం ఒప్పుకోవడం. వరకట్న నిషేధ చట్టమూ, ఆదాయపు పన్ను చట్టమూ 1961లోనే పుట్టాయి. ఒకదాని కింద తప్పించుకోవడానికి చెప్పే మాట రెండోదాని కింద సాక్ష్యమవుతుంది. బంగారం గురించి ఊరంతా తిరిగే 500 గ్రాముల లెక్క కూడా సగమే నిజం. 1994లో సీబీడీటీ ఇచ్చిన సూచన, సోదాలు జరిగినప్పుడు పెళ్ళయిన స్త్రీ దగ్గర అంతవరకు జప్తు చేయొద్దని. ఎక్కడిదని అడగొద్దని కాదు.

చుట్టరికాల్లో చట్టం లెక్క మన లెక్కతో కలవదు. మేనమామ మేనల్లుడికి 5 లక్షలు పంపితే పుచ్చుకున్నవాడికి పన్ను లేదు, తల్లిదండ్రుల తోబుట్టువులు బంధువుల జాబితాలో ఉన్నారు. అదే మేనల్లుడు డాలస్‌లో స్థిరపడి మామయ్యకి 5 లక్షలు పంపితే మామయ్య ఆదాయంలో కలపాలి. జాబితాని పుచ్చుకునేవాడి వైపు నుంచి చూడాలి, అక్కచెల్లెళ్ళ పిల్లలు అందులో లేరు. పెదనాన్న కొడుకైతే ఏ వైపు నుంచి చూసినా లేడు. ఏడాదికి అంతా కలిపి 50 వేలు దాటనంత వరకే అతని ప్రేమకు పన్ను ఉండదు. ఈ సమాధానం చెప్పినప్పుడు అవతలి మొహంలో కనిపించే అపనమ్మకం చూడాలి. సొంత అన్నయ్యలా పెరిగినవాణ్ణి పరాయివాడంటున్నాడే అన్నట్టు చూస్తారు. ఇక భార్య పేరున వేసిన ఎఫ్‌డీ: డబ్బు భర్తదైతే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. బావమరిది ఇచ్చిన చేబదులు 20 వేలు, అంతకు మించి నగదైతే మళ్ళీ 269ఎస్ఎస్. ఆసుపత్రి ఖర్చు లాంటి న్యాయమైన కారణం చూపిస్తే జరిమానా తప్పే వీలుంది.

రిఫండ్ ప్రశ్న జీతగాళ్ళది. "మా ఆఫీసులో పక్క సీటాయనకి 60 వేలు వచ్చింది. మీరు చేస్తే ఏమీ రావట్లేదేంటి?" ఇది చూడ్డానికి ప్రశ్నే గానీ నిజానికి బేరం. పక్క సీటాయన కట్టని అద్దెకి హెచ్ఆర్ఏ, రాజకీయ పార్టీకి ఇవ్వని విరాళానికి 80జీజీసీ పెట్టించాడన్నది ఇద్దరికీ తెలుసు. పేరు వినని పార్టీకి చెక్కిస్తే కమీషన్ పోను మిగతాది నగదుగా వెనక్కి వచ్చే మార్గం చాలా ఆఫీసుల్లో టీ దగ్గర నడిచే మాటే. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ పలు రాష్ట్రాల్లో ఇలాంటి క్లెయిముల మీద తనిఖీలు మొదలుపెట్టింది. అప్పటికి నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది తమంతట తాము రిటర్న్‌లు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని చెప్పింది. ఆ ప్రకటనలో ఇంకో వివరం నన్ను ఆపింది. మధ్యవర్తులు రిటర్న్‌ల కోసమే తాత్కాలిక ఈమెయిల్ ఐడీలు సృష్టించి, పని కాగానే వదిలేస్తున్నారట. నోటీసు వెళ్ళేది ఎవరూ తెరవని ఆ పెట్టెలోకే.

అద్దె విషయంలో తప్పుకీ ఒప్పుకీ మధ్య గీత సన్నగా ఉన్న సందర్భాలు లేకపోలేదు. అమ్మ పేరున ఇల్లు, కొడుకు అందులోనే ఉంటూ ఆమెకి అద్దె కడతాడు. చట్టం దీన్ని కాదనదు. కానీ అద్దె బ్యాంకు ద్వారా వెళ్ళాలి, ఏడాదికి లక్ష దాటితే ఆమె పాన్ ఇవ్వాలి, ఆమె లెక్కలో అది ఆదాయంగా కనపడాలి. తల్లికి నగదుగా అద్దె కట్టానన్న ఒక క్లెయిముని ఆధారాలు లేవని 2017లో ముంబై ట్రిబ్యునల్ కొట్టేసింది. జులైలో కూర్చుని పన్నెండు నెలల రసీదులు ఒకే పెన్నుతో రాసినవాళ్ళకి ఆ తీర్పు చదివి వినిపించాలి. కొత్త పద్ధతిలో ఈ మినహాయింపులేవీ లేవు కాబట్టి ఈ బేరం కొంత తగ్గింది. బోధనలు చేయలేని పనిని స్లాబులు చేస్తున్నాయి.

తప్పుడు రిటర్న్‌కి శిక్ష రాయించుకున్నవాడికే అనుకోవడం పొరపాటు. ఆదాయాన్ని తప్పుగా చూపితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతల జరిమానా పన్ను చెల్లింపుదారుకి పడుతుంది. కానీ తెలిసి ప్రోత్సహించినవాడికి 1961 చట్టంలో 278వ సెక్షను ఉంది. జైలు శిక్ష కూడా పడొచ్చు. రిఫండ్‌లో వాటా మాట్లాడుకున్నవాడు తనకేమీ తెలియదని చెప్పడం కష్టం. అలా వాటా రూపంలో ఫీజు తీసుకోవడాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 నుంచే వృత్తి దుష్ప్రవర్తన అంటోంది. ఏ వృత్తి సంస్థ కిందికీ రానివాళ్ళకి అలాంటి కట్టడి లేదు, ఈ రంగంలో పెద్ద బొక్క అదే.

వీటికి పూర్తిగా తిరగబడిన ప్రశ్న ఒకటుంది, దాన్ని గురించి రాసేవాళ్ళు తక్కువ. ఆదాయం ఎక్కువ చూపించమని అడిగేవాళ్ళు. "అబ్బాయి అమెరికా వీసాకి మూడేళ్ళ ఐటీ రిటర్న్‌లు కావాలండీ. ఏడాదికి 6 లక్షలు వచ్చేలా వేయండి, పన్ను పడకూడదు." వేసవి వచ్చిందంటే గుంటూరు నుంచి కరీంనగర్ దాకా ఇదే మాట. 44ఏడీ కింద చిన్న వ్యాపారాలు ఖాతా పుస్తకాలు లేకుండా టర్నోవర్‌లో 8 శాతం, డిజిటల్ చెల్లింపులకి 6 శాతం లాభంగా చూపే వీలుంది. లేని కిరాణా కొట్టుకి ఈ సెక్షను తలుపు తీస్తుంది. పన్ను పడదు కాబట్టి ఎవరికీ నష్టం లేదన్నది తల్లిదండ్రుల వాదన. నా మాట మొహమాటం లేకుండా చెబుతాను: ఇది కూడా తప్పుడు రిటర్నే. వీసా అధికారి ముందు అది ఇంకో దేశపు చట్టం కిందికి కూడా వస్తుంది. కొట్టు ఏది, జీఎస్టీ ఏది, ఖాతాలో అమ్మకాల జమలేవి అని అడిగితే బదులిచ్చేది పంతొమ్మిదేళ్ళ పిల్లాడు కాదు, నాన్న.

అదే ఇంట్లో మళ్ళీ భయం ఇంకో రకంగా ఉంటుంది. "రిటర్న్ వేస్తే రేషన్ కార్డు పోతుందా? పీఎం కిసాన్ ఆగుతుందా?" పీఎం కిసాన్ నిబంధన కిందటి అసెస్‌మెంట్ సంవత్సరంలో పన్ను కట్టినవాళ్ళని తీసేయమంటుంది. సున్నా పన్నుతో రిటర్న్ వేయడం పన్ను కట్టడం కాదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాలకి జరిపిన ఆరంచెల పరిశీలనలో ఆదాయపు పన్ను ఒక అంచె. కంప్యూటర్‌లో పేరు ఏ గడిలో పడిందో తెలుసుకోవడానికి సచివాలయం చుట్టూ తిరిగినవాళ్ళకి ఈ భయం ఎంత నిజమో తెలుసు. ఇక్కడ ఆడిటర్ చట్టం చెప్పగలడు గానీ గడికి హామీ ఇవ్వలేడు. ఇవ్వకూడదు కూడా.

చట్టమే తేల్చని ప్రశ్నలు కొన్ని. ఉదాహరణ షేర్ల లాభం. కొత్త పద్ధతిలో 7 లక్షల దాకా రిబేటు ఉన్న రోజుల్లో అది షేర్ల స్వల్పకాలిక లాభానికి కూడా వర్తిస్తుందా అన్నది చట్టం మాటల్లో స్పష్టంగా లేదు. 2024 జులై 5న పోర్టల్ సాఫ్ట్‌వేర్ మారి ఆ రిబేటు ఇవ్వడం మానేసింది. సీజన్ మధ్యలో! నాలుగో తేదీన వేసినవాడికి ఒక లెక్క, ఆరున వేసినవాడికి ఇంకో లెక్క. టాక్స్ కన్సల్టెంట్ల సంస్థ ఒకటి బొంబాయి హైకోర్టుకి వెళ్ళింది, గడువు పొడిగింపు వచ్చింది. "మా చెల్లెలికి వచ్చింది, నాకెందుకు రాదు?" అంటే ఏం చెప్పాలి? 2025 బడ్జెట్ ఆ సందిగ్ధాన్ని తర్వాతి కాలానికి తీర్చేసింది. 2025-26లో 12 లక్షల దాకా పన్ను లేదన్న మాట విని వచ్చినవాడి జీతం, ప్రామాణిక తగ్గింపు పోగా 8 లక్షలు, షేర్ల స్వల్పకాలిక లాభం లక్ష అనుకుందాం. జీతం మీద పన్ను సున్నా. లాభం మీద 20 శాతం, సెస్సుతో 20,800 రూపాయలు. టీవీలో 12 లక్షలన్నారుగా అంటాడు. టీవీ అబద్ధం చెప్పలేదు, వాక్యం సగంలో ఆపింది.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల దగ్గర భూమి కంటే షేర్ల చిక్కే ఎక్కువ. అమెరికా కంపెనీ షేర్లు జీతంలో భాగంగా వస్తాయి. వచ్చిన రోజునే కంపెనీ పన్ను కోసేస్తుంది, కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. కాలేదు. విదేశీ షేరు ఒక్కటున్నా ఐటీఆర్-1 పనికిరాదు, షెడ్యూల్ ఎఫ్ఏ నింపాలి. అదీ మన ఏప్రిల్-మార్చి లెక్కన కాదు, జనవరి-డిసెంబరు లెక్కన. చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేదు. చూపాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇక్కడి ప్లాటు అమ్మితే కష్టం కొన్నవాడికి వస్తుంది. 50 లక్షలు, ఆపైన ఆస్తికి ఒక శాతం టీడీఎస్ కట్టాలని అందరికీ తెలుసు. అది అమ్మేవాడు ఇక్కడి నివాసి అయినప్పటి మాట. ప్రవాసి అయితే 195వ సెక్షను. ధర ఎంతన్నదానితో పని లేదు, తక్కువ కోతకి ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మూలధన లాభం రేటున కోసి కట్టాలి. "ఆయన ఇక్కడివాడే కదా సార్, మా ఊరే" అంటాడు కొన్నవాడు, తర్వాతి ఏడాది నోటీసు పట్టుకొచ్చి. ఊరు కాదు, ఏడాదిలో ఇక్కడ ఎన్ని రోజులున్నాడన్నదే లెక్క.

అట్లాంటిక్ అవతల ఈ పని చేసే తెలుగు టాక్స్ ప్రిపేరర్ల కష్టాలు మరో రకం. ఎఫ్-1 వీసా విద్యార్థి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా నాన్ రెసిడెంట్ కిందే లెక్క. వేయాల్సింది 1040-ఎన్ఆర్. రూమ్మేట్ మాట విని సాఫ్ట్‌వేర్‌లో 1040 వేసి, తనకి రాని చదువు క్రెడిట్ తీసుకున్న పిల్లలు తర్వాత సవరణకి వస్తారు. భారత విద్యార్థులకి భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద స్టాండర్డ్ డిడక్షన్ ఉంది, అది న్యాయంగానే తీసుకోవచ్చు. "రేపు హెచ్-1బీకి ఇబ్బందవుతుందా అన్నా?" అన్నదానికి జవాబు ఇమిగ్రేషన్ లాయరు దగ్గరే ఉంది. "నాన్నగారి ఎఫ్‌డీలో నా పేరు జాయింట్‌గా ఉందంతే, డబ్బు ఆయనది" అన్నవాడు అక్కడి పన్ను లెక్కలో రెసిడెంటైతే విదేశీ ఖాతాల నివేదిక అయిన ఎఫ్‌బార్ వేయాల్సిందే, ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏనాడైనా 10 వేల డాలర్లు దాటితే. తెలియక వేయని ఎఫ్‌బార్‌కి జరిమానా ఖాతాకొకటి కాదు, ఏడాది నివేదికకొకటి అని 2023లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అదొక ఊరట. అక్కడ డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసినవాడు తన పీటిన్ (ప్రిపేరర్ గుర్తింపు) నంబరు వేసి సంతకం పెట్టాలి, అడ్డగోలు రాతకి తన జేబులోంచి జరిమానా కట్టాలి.

ఇక్కడ అలా లేదు. 2006 నాటి పథకం కింద శిక్షణ పొందిన టాక్స్ రిటర్న్ ప్రిపేరర్, అంటే టీఆర్‌పీ అయితే తప్ప మామూలు జీతగాడి ఐటీఆర్‌లో తయారుచేసినవాడి పేరు ఎక్కడా కనపడదు. పోర్టల్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌ని క్లయింటుకి జతచేసే పద్ధతి ఉన్నా, చాలామంది చేసేది క్లయింటు పాస్‌వర్డ్‌తో లోపలికెళ్ళడమే. చివర్లో ఫోన్ చేసి "ఓటీపీ వచ్చింది, చెప్పండి" అంటారు. బస్సులో ఉన్న మనిషి ఆరంకెలు చదువుతాడు. నేనిచ్చిన వివరాలన్నీ నిజమని చట్టం ముందు చేసిన ప్రమాణం అది. అందులో ఏముందో ఆయన చూడలేదు. అందుకే, పంపేముందు రిటర్న్ ప్రతిని వాట్సాప్‌లో పెట్టి "చూశాను, సరే" అన్న జవాబు వచ్చేదాకా ఓటీపీ అడగని ప్రాక్టీషనర్లంటే నాకు గౌరవం. ఫోన్ నంబరూ ఈమెయిలూ క్లయింటువే పెట్టడం అంతకంటే ముఖ్యం. ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ రిటర్న్ వేస్తూ, "తమ్ముడు ఎంత చూపించాడు?" అన్నదానికి నవ్వి ఊరుకోగలిగితే ఇంకా మంచిది.

ఈ వరుసలో ఇప్పుడు కొత్తగా చేరిన ప్రశ్న ఒకటి. 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లన్నీ మారాయి (పైన ఇచ్చినవి పాత చట్టంవి), అసెస్‌మెంట్ సంవత్సరం పోయి టాక్స్ ఇయర్ వచ్చింది. "కొత్త చట్టం కదండీ, పాత గొడవలన్నీ పోయినట్టేనా?" పోలేదు. 2025-26లో అమ్మిన పొలం, పుచ్చుకున్న నగదు, రాయించిన అద్దె రసీదు పాత చట్టం కిందే లెక్కకి వస్తాయి. ఆ రిటర్న్ కూడా దాని కిందే వేయాలి. తప్పుంటే సరిదిద్దుకోవడానికి అప్‌డేటెడ్ రిటర్న్‌కి నాలుగేళ్ళ గడువుంది. అదనపు పన్ను మొదటి ఏడాది 25 శాతం, తర్వాత 50, 60, 70. మొదటి ఏడాదిలో వస్తే బాగుంటుంది.